గోడ చాటున ఉన్నా తూటా ఎందుకు తగిలింది?

కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డిలో ఒక కుర్రాడు ఫోను పట్టుకుని బీజీఎంఐ అనే షూటింగ్ ఆట ఆడుతున్నాడు. అవతలివాడు గురి పెట్టాడని పసిగట్టి పరుగెత్తి గోడ చాటుకు చేరాడు. తెర మీద గోడ అడ్డంగా ఉంది, శత్రువు కనిపించడం లేదు. అయినా చచ్చాడు. "గోడ ఎనుకకు పోయినంక కొట్టిండురా, వాడు హ్యాకర్" అని ఇయర్‌ఫోన్లలో అరిచాడు. కామారెడ్డిలో ఉన్న దోస్తు ఒప్పుకోలేదు: "హ్యాకర్ లేడు, ఏం లేడు. నీ పింగ్ చూస్కో, రెడ్‌ల ఉంది." స్క్వాడ్‌లో మూడోవాడు తప్పంతా ఫోను మీదకు నెట్టాడు: "ఆ ఫోన్‌ల గట్లనే అయితది. నైంటీ ఎఫ్‌పీఎస్‌ది తీస్కో."

ఇలాంటి వాదులాట ఏ రాత్రయినా వినపడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు అది పనిలేని గోల. నాకు అందులో భౌతికశాస్త్రం వినిపిస్తుంది. ముగ్గురూ మూడు కారణాలు చెప్పారు, మూడూ గడియారంతో కొలిచి తేల్చదగ్గవే. కొలుస్తూ పోతే ఆ పిల్లలే కాదు, వాళ్లకు ఫోన్లు కొనిపెట్టే తల్లిదండ్రులు కూడా తెలుసుకోవలసిన సంగతి ఒకటి బయటపడుతుంది. ఆలస్యంలో పెద్ద భాగం ఫోనులో ఉండదు, రెండు ఊళ్ల మధ్య దూరంలోనూ ఉండదు. డేటా ప్యాకెట్లు దారిలో ఆగి ఎదురుచూసే చోట్ల ఉంటుంది.

ఈ ప్రాంతంలో ఈ ఆటల చరిత్ర చిన్నదే. 2016 సెప్టెంబరు 5న జియో 4జీ మొదలైంది. నెల తిరగగానే అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం దాన్ని నిషేధించింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది, ఏడాదికి యాప్ స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో మళ్లీ కనిపించింది. ఇన్ని మార్పుల్లోనూ తెర మూలన పింగ్ పేరుతో కనిపించే ఆ చిన్న అంకె, దాని మీద గొడవ అలాగే ఉన్నాయి.

ఆ అంకెను కొలిచే పద్ధతిని మనకిచ్చినవాడు మైక్ మ్యూస్ అనే అమెరికన్ ప్రోగ్రామర్. 1983 డిసెంబరులో, అమెరికా సైన్యానికి చెందిన ఒక పరిశోధనశాలలో పనిచేస్తూ, నెట్‌వర్క్ ఎక్కడ మొరాయిస్తోందో కనిపెట్టడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. కాలేజీలో ఉండగా సోనార్ మీద పనిచేసిన అనుభవం అతనికి ఉంది. జలాంతర్గామి నీళ్లలోకి శబ్దాన్ని వదిలి, ప్రతిధ్వని తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని కొలుస్తుంది. మ్యూస్ ప్రోగ్రాం కూడా ఒక ప్యాకెట్‌ను దూరపు కంప్యూటర్‌కు పంపి, అది తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని మిల్లీసెకన్లలో చెబుతుంది. సెకనులో వెయ్యో వంతు మిల్లీసెకను. ఆటలో పింగ్ 40 అని కనిపిస్తే ఫోను నుంచి సర్వర్‌కు వెళ్లి రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టిందని అర్థం. 

ముందు దూరం సంగతి తేల్చుకుందాం. శూన్యంలో కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఫైబర్ గాజులో దాని వేగం మూడింట రెండు వంతులకు, అంటే సుమారు 2 లక్షల కిలోమీటర్లకు పడిపోతుంది. అంటే మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు. రానూపోనూ కావాలి కాబట్టి ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి పింగ్‌లో 1 మిల్లీసెకను చేరుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలా వాదనలు అక్కడికక్కడే ముగుస్తాయి.

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి సుమారు 45 కిలోమీటర్లు. కాంతికి ఆ దూరం వెళ్లి రావడానికి అర మిల్లీసెకను కూడా పట్టదు. కామారెడ్డి నుంచి హైదరాబాద్‌కు మిల్లీసెకనుకు కాస్త ఎక్కువ. హైదరాబాద్ నుంచి ముంబైకి రోడ్డు వెంట 700 కిలోమీటర్లనుకుంటే మరో 7. ఫైబర్ వంకర్లు తిరుగుతూ పోతుంది కాబట్టి ఇంకొంచెం కలుపుకున్నా, ముంబై సర్వర్‌కు ఈ జిల్లా నుంచి కాంతి అడిగే సమయం పది పన్నెండు మిల్లీసెకన్లకు మించదు. తెర మీద 90 కనిపిస్తోందంటే మిగతా దాదాపు 80 ఎక్కడో దారిలో పోయాయన్నమాట.

సర్వర్ ఏ దేశంలో ఉందన్నది మాత్రం నిజంగా పెద్ద తేడా. హైదరాబాద్ నుంచి సింగపూర్ నేరుగా చూస్తే 3,300 కిలోమీటర్లు, అంటే 33 మిల్లీసెకన్లకు తగ్గే దారే లేదు. సముద్రగర్భ కేబుళ్లు చుట్టూ తిరిగి వెళతాయి కాబట్టి వాస్తవంలో ఇంకా ఎక్కువ. అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాన్ని 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో తెరిచింది. ఇలాంటి కేంద్రాలు మన దేశంలోకి వచ్చాకే ఇక్కడి ఆటగాళ్ల పింగ్ రెండంకెల్లో కింది వరసకు దిగే వీలు కలిగింది.

ఈ జిల్లా నుంచి దుబాయికి, మస్కట్‌కు పోయినవాళ్లు ఎంతమందో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. డ్యూటీ దిగి గదికి చేరిన అన్న, ఎల్లారెడ్డిలో ఉన్న తమ్ముడితో ఒక మ్యాచ్ ఆడతాడు. హైదరాబాద్ నుంచి దుబాయి సుమారు 2,500 కిలోమీటర్లు, కాంతి లెక్కలో 25 మిల్లీసెకన్లు. ఆడుకోవచ్చు. డాలస్‌లో ఉన్న మేనబావతో అయితే కష్టం. దూరం సుమారు 14,000 కిలోమీటర్లు, కనీసం 140 మిల్లీసెకన్లు. అక్కడ ఎంత ఖరీదైన కనెక్షన్ పెట్టుకున్నా ఈ 140 తగ్గదు. దీన్ని తగ్గించాలంటే గాజులో కాంతి వేగం పెంచాలి, లేదా భూమిని చిన్నది చేయాలి.

మరి ముంబై లెక్కలో మిగతా 80 ఎక్కడ పోయాయి? మొదటి చోటు ఫోనుకూ టవర్‌కూ మధ్య గాలిలో ఉంది. 4జీ టవర్ తన సమయాన్ని ఒక్కో మిల్లీసెకను ముక్కలుగా కోసి ఫోన్లకు పంచుతుంది. మీ ఫోను తనంతట తాను డేటా పంపలేదు. ముందు అనుమతి అడగాలి, టవర్ వంతు కేటాయించాలి, అప్పుడు పంపాలి. ఈ అడగడం, ఇవ్వడంలోనే పది ఇరవై మిల్లీసెకన్లు గడిచిపోవచ్చు. సిగ్నల్ బలహీనంగా ఉండి ప్యాకెట్ పాడైతే మళ్లీ పంపాలి, దానికి ఇంకో ఎనిమిది. టవర్‌కు దూరంగా ఉన్న ఫోనుతో టవర్ నెమ్మదిగా, జాగ్రత్తగా మాట్లాడాలి కాబట్టి అదే డేటాకు ఎక్కువ ముక్కలు ఖర్చవుతాయి. జియో 4జీకి వాడే తరంగాల్లో 850 మెగాహెర్ట్జ్‌వి దూరం పోతాయి, గోడలు దాటుతాయి. 2300 మెగాహెర్ట్జ్‌వి ఎక్కువ డేటా మోస్తాయి కానీ మందపాటి గోడ దగ్గర నీరసిస్తాయి. రాతిగోడల పాత ఇంట్లో లోపలి అర్రలోంచి వాకిట్లోకి రాగానే ఆట బాగుపడటం భ్రమ కాదు.

రెండో చోటు టవర్ వెనక ఉంది. టవర్‌కు ఫైబర్ వచ్చిందా, లేక ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు మైక్రోవేవ్ డిష్‌లతో అంచెలంచెలుగా పోతోందా? మైక్రోవేవ్ నెమ్మది అని కాదు. గాలిలో తరంగం గాజులో కాంతి కంటే వేగంగానే పోతుంది. కానీ దాని సామర్థ్యం తక్కువ. సాయంత్రం అందరూ వీడియోలు తెరిచేసరికి అది నిండిపోతుంది, ప్యాకెట్లు వరసలో నిలబడతాయి. తెలంగాణలో టీ-ఫైబర్ పథకం మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు వేసే ఆలోచనతో మొదలైంది. ఎల్లారెడ్డి డివిజన్ లాంటి చోట్ల ఆటగాడి పింగ్‌కు కొత్త ఫోను కంటే ఆ కందకమే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. ఒకే మంచం మీద పక్కపక్కన కూర్చుని ఇద్దరు అన్నదమ్ములు ఒకే మ్యాచ్ ఆడుతున్నారనుకోండి. అన్న కాల్చిన తూటా తమ్ముడి ఫోనుకు నేరుగా చేరదు. టవర్‌కు, అక్కడి నుంచి పెద్ద నగరంలో ఉన్న కంపెనీ కేంద్రానికి, అక్కడి నుంచి సర్వర్‌కు వెళ్లి, మళ్లీ అన్ని మజిలీలూ దాటి పక్కనున్న ఫోనులోకి వస్తుంది. జానెడు దూరానికి వందల కిలోమీటర్ల ప్రయాణం.

మూడో చోటు మన ఇంట్లోనే ఉంది, దాని మీద ఎక్కువసేపు నిలబడాలి. ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువగా మన చేతిలో ఉన్నది అదే. "మాకు యాభై ఎంబీపీఎస్ వస్తది, అయినా ల్యాగ్ కొడ్తది" అనే ఫిర్యాదు మీరు వినే ఉంటారు. ఎంబీపీఎస్ వేరు, పింగ్ వేరు. నిజాంసాగర్ కాలువ వెడల్పును బట్టి ఎంత నీరు పారుతుందో చెప్పొచ్చు, తూము ఎత్తాక చివరి పొలానికి నీరు ఎప్పుడు చేరుతుందన్నది వేరే లెక్క. ఆటకు కావలసిన డేటా చాలా తక్కువ. నేను ఎక్కడున్నాను, ఎటు చూస్తున్నాను, కాల్చానా లేదా అన్న కొద్దిపాటి వివరాలే ప్రతి ప్యాకెట్‌లో ఉంటాయి. సినిమా చూడటానికయ్యే డేటాలో అది పిసరంత. దానికి కావలసింది సమయానికి చేరడం.

2010 ప్రాంతంలో జిమ్ గెటీస్ అనే ఇంజినీరు తన ఇంట్లో పెద్ద ఫైళ్లు పంపుతున్నప్పుడు మిగతా నెట్ అంతా ఎందుకు చచ్చుబడుతోందని వెతికి, తప్పు ఎక్కడుందో చూపించాడు. మెమరీ చవకయ్యేసరికి తయారీదారులు రౌటర్లలో, మోడెములలో, ఫోన్లలో పెద్ద పెద్ద నిల్వలు పెట్టారు. ఒక్క ప్యాకెట్ కూడా పోగొట్టకూడదని వాళ్ల ఉద్దేశం. ఫలితంగా ప్యాకెట్లు పోవు, కానీ నిల్వలో పడి ఎదురుచూస్తాయి. ఇంట్లో ఒకరు హాట్‌స్పాట్ మీద సినిమా దించుకుంటుంటే, ఆ సినిమా ప్యాకెట్లు నిల్వను నింపేస్తాయి. మీ తూటా ప్యాకెట్ వాటన్నిటి వెనక నిలబడాలి. 40 ఉన్న పింగ్ అమాంతం 200, 300 కావడానికి ఇది చాలు. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్‌సన్ దీనికి ఒక మందు కనిపెట్టారు. వరస ఎంత పొడవుందని చూడకుండా, ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందో చూసి, ఆలస్యం మితిమీరితే కొన్నిటిని కావాలనే వదిలేసే పద్ధతి అది. కొత్త రౌటర్లలో కొన్నిటికి ఆ సదుపాయం ఉంటుంది. లేనివాళ్లు మ్యాచ్ ఆడే అరగంట డౌన్‌లోడ్లూ, వెనకాల నడిచే యాప్ అప్‌డేట్లూ ఆపుకుంటే చాలు. పైసా ఖర్చు లేదు. పిల్లలు ఒకరికొకరు చెప్పుకునే పది చిట్కాల్లో ఇది ఎందుకు చేరలేదా అని నాకు బెంగ.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం.

ఆన్‌లైన్ షూటింగ్ ఆటల్లో ప్రతి ఆటగాడూ చూసేది కొంచెం పాత లోకాన్ని. సర్వర్ పంపిన సమాచారం చేరేసరికే కొన్ని మిల్లీసెకన్లు గడిచిపోతాయి. మొదట్లో ఆటగాడి సొంత కదలిక కూడా సర్వర్ ఒప్పుకున్నాకే తెర మీద కనిపించేది, బటన్ నొక్కాక మనిషి ఆగి కదిలేవాడు. 1996లో క్వేక్‌వరల్డ్ అనే ఆట కోసం జాన్ కార్మాక్ అనే ప్రోగ్రామర్ దీన్ని మార్చాడు. నీ కదలికను నీ కంప్యూటరే ముందుగా ఊహించి చూపిస్తుంది, తేడా వస్తే తర్వాత సర్వర్ సరిదిద్దుతుంది. దాంతో మన అడుగు మనకు వెంటనే పడింది. కానీ అవతలివాడు మాత్రం పాత స్థానంలోనే కనిపిస్తాడు. సూటిగా అతని మీద గురి పెట్టి కాలిస్తే, ఆ తూటా సర్వర్‌కు చేరేసరికి అతను అక్కడ ఉండడు. గురి సరిగ్గా ఉన్నా తగలదు.

ఆటలు తయారుచేసే వాల్వ్ కంపెనీ ఇంజినీరు యాన్ బెర్నియర్ 2001లో ఒక పత్రంలో దీనికి తాము వాడిన పరిష్కారాన్ని వివరించాడు. సర్వర్ గడిచిన కొద్ది క్షణాల్లో అందరూ ఎక్కడెక్కడ ఉన్నారో గుర్తుపెట్టుకుంటుంది. కాల్పు అందగానే, కాల్చినవాడి ఆలస్యం ఎంతో లెక్కగట్టి, కాలాన్ని అంత వెనక్కి తిప్పుతుంది. ఆ క్షణాన అతనికి ఏం కనిపించిందో అది నిజమని ఒప్పుకుని తీర్పు చెబుతుంది. చాలా షూటింగ్ ఆటలు ఇప్పటికీ ఏదో ఒక రూపంలో నడిచేది ఈ దారినే.

లెక్క వేసి చూడండి. కాల్చినవాడి పింగ్ 90, దాక్కున్నవాడి పింగ్ 40 అనుకుందాం. కదలికలు గతుకులుగా కనిపించకుండా ఆట కావాలనే దాచిపెట్టుకునే ఆలస్యం ఇంకో 50. దాక్కున్నవాడు గోడ అంచు దాటిన క్షణం అతని తెర మీద వెంటనే కనిపిస్తుంది. ఆ కబురు సర్వర్‌కు, అక్కడి నుంచి కాల్చేవాడికి చేరాలి. కాల్పు వెనక్కి సర్వర్‌కు రావాలి. తీర్పు దాక్కున్నవాడికి అందాలి. అన్నీ కలిపితే రెండు పింగ్‌లూ, ఆ 50 కలిసి 180 మిల్లీసెకన్లు. సెకనుకు 6 మీటర్లు పరుగెత్తే మనిషి ఆలోపు మీటరుకు పైగా ముందుకు పోతాడు. అంటే అతను గోడ వెనక మీటరు లోపలికి చేరాక చావు కబురు అందుతుంది. ఎవడూ మోసం చేయలేదు. కాల్చినవాడి తెర మీద అతను గోడ బయటే ఉన్నాడు. ఇద్దరూ చూసింది నిజమే, చూసిన క్షణాలే వేరు.

గమనించండి, ఆ 180లో ఇద్దరి పింగ్‌లూ ఉన్నాయి. మీ పింగ్ ఎంత తక్కువైనా, అవతలివాడి పింగ్ ఎక్కువైతే మీకు గోడ చాటున చావు తప్పదు. అందుకే సర్వర్లు కాలాన్ని ఎంతవరకు వెనక్కి తిప్పాలో ఒక హద్దు పెడతాయి. హద్దు తగ్గిస్తే మారుమూల ఊరి పిల్లవాడి గురి పనిచేయదు, పెంచితే నగరంలో ఫైబర్ ఉన్నవాడు గోడ వెనక చస్తాడు. ఎల్లారెడ్డి వాడికీ హైదరాబాద్ వాడికీ మధ్య ఎవరికి ఎంత న్యాయం చేయాలో ఆట తయారీదారే తేల్చుకోవాలి. దానికి సాంకేతికంగా ఒక్కటే సరైన జవాబు లేదు.

మూలన పొంచి ఉన్నవాడి కంటే మూల తిరిగి బయటికి దూకినవాడికి ముందు కనిపించడం కూడా ఇందువల్లే. దూకినవాడి కదలిక అతని తెర మీద వెంటనే పడుతుంది, పొంచి ఉన్నవాడికి ఆ కబురు ఆలస్యంగా అందుతుంది.

ఇక ఫోను. మూడోవాడు చెప్పిన ఎఫ్‌పీఎస్ అంటే తెర మీద సెకనుకు ఎన్ని చిత్రాలు పడతాయన్న లెక్క. సెకనుకు 30 చిత్రాలు వేస్తే ఒక్కోదానికి 33 మిల్లీసెకన్లు, 60 వేస్తే 16.7, 90 వేస్తే 11.1, 120 వేస్తే 8.3. 30 నుంచి 60కి మారితే ఒక్కో చిత్రం దగ్గర 16 మిల్లీసెకన్లకు పైగా కలిసొస్తుంది, కంటికి తెలుస్తుంది. 60 నుంచి 90కి ఐదున్నర. 90 నుంచి 120కి మూడు కూడా లేదు. సాయంత్రం వరసల్లో వంద మిల్లీసెకన్లు పోగొట్టుకుంటూ, మూడు మిల్లీసెకన్ల కోసం నెలనెలా కిస్తీలు కట్టే ఫోను తీసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. 90లో కదిలే లక్ష్యం నున్నగా కనిపిస్తుంది, వేలితో వెంటాడటం తేలికవుతుంది, అది కాదనను. పింగ్‌కు మాత్రం అది మందు కాదు.

ఫోను విషయంలో ఇక్కడివాళ్లు పట్టించుకోవలసింది వేడి. వస్తువు నుంచి గాలిలోకి పోయే వేడి, ఆ రెండింటి ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. ఫోను వీపు 45 డిగ్రీలకు చేరిందనుకోండి. గది 28 డిగ్రీలుంటే తేడా 17. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో గది 40 ఉంటే తేడా 5 మాత్రమే, వేడి పోయే దారి మూడో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చిప్ ఖర్చు చేసే శక్తి దాని వేగంతో పాటు వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అధిక వేగానికి వోల్టేజి కూడా పెంచాలి. అందుకే చివరి కొద్దిపాటి వేగానికే వేడి విపరీతంగా పుడుతుంది. ఎండాకాలంలో 90 పెట్టి అది 50కీ 80కీ మధ్య ఊగిసలాడటం కంటే, 60 పెట్టి నిలకడగా ఆడటం మేలు. ఛార్జింగ్ పెట్టి ఆడితే బ్యాటరీ వేడి కూడా తోడవుతుంది. పౌచ్ తీసేసి ఫ్యాను కింద కూర్చోండి. ఫోనును ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే మాత్రం దాని మీద తేమ పట్టి లోపలికి దిగుతుంది, ఆ పని చేయకండి.

ఇన్ని మిల్లీసెకన్ల లెక్క మనిషికి నిజంగా అవసరమా అని అడిగేవాళ్లున్నారు. కంటికి కనిపించినదానికి వేలు కదిలించడానికి మనకు దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది కదా అని. కానీ ఇద్దరికీ ఆ 200 ఉన్నప్పుడు, గెలుపు తేలేది మిగిలిన తేడాలోనే. 1868లో నెదర్లాండ్స్‌లో ఫ్రాన్సిస్కస్ డాండర్స్ అనే వైద్యుడు మనసు నిర్ణయం తీసుకోవడానికి పట్టే సమయాన్ని కొలిచిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ఒకే సంకేతానికి స్పందించే సమయాన్ని ఒకసారి, రెండింటిలో ఒకటి ఎంచుకుని స్పందించే సమయాన్ని ఇంకోసారి కొలిచి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేశాడు. మిగిలింది ఎంపికకు పట్టిన కాలం.

ఆ తీసివేతే ఎల్లారెడ్డి, కామారెడ్డి స్నేహితుల గొడవను తేలుస్తుంది. ఇద్దరూ ఒకే కంపెనీ సిమ్‌తో, ఒకే సర్వర్‌కు, రాత్రి తొమ్మిదింటికి పింగ్ కొలిచి రాసుకోవాలి. ఒక్కసారి కాదు, ఇరవై సార్లు, ఎందుకంటే సగటు ఎంత ముఖ్యమో అంకె ఎంత ఊగుతోందన్నదీ అంతే ముఖ్యం. తర్వాత తెల్లవారుజామున మూడింటికి, ఊరంతా నిద్రపోయాక, మళ్లీ అలాగే కొలవాలి. తొమ్మిదింటి అంకెలోంచి మూడింటి అంకె తీసేస్తే మిగిలేది రద్దీ. మూడింటికి రెండు ఊళ్ల అంకెలూ దగ్గరికొస్తే ఎల్లారెడ్డి టవర్ మీద భారం ఎక్కువైందన్నమాట, దాని సామర్థ్యం పెంచమని కంపెనీని అడగాలి. మూడింటికి కూడా ఎల్లారెడ్డి అంకె ఎక్కువే ఉంటే చోటు మార్చి, వాకిట్లో నిలబడి ఒకసారి చూడాలి. అక్కడా తగ్గకపోతే ప్యాకెట్ వెళ్లే దారే పొడవు. ఆ తర్వాత ఎల్లారెడ్డి కుర్రాడు కామారెడ్డి దోస్తు ఫోను అరువు తెచ్చుకుని, తన ఇంట్లో, అదే వేళకు ఇంకోసారి కొలవాలి. అంకె మారకపోతే మూడోవాడి మాటకు జవాబు దొరికినట్టే.